కిలోమీటరు కొలత: ఆంధ్రలో బడుల విలీనం, విద్యార్థుల ప్రతిఘటన

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల మూసివేత ఆ పేరుతో జరిగినది తక్కువ. మొదట దానిని 'హేతుబద్ధీకరణ' అన్నారు, అంటే పిల్లల సంఖ్యను బట్టి ఉపాధ్యాయ పోస్టులను, బడులను సర్దడం. తరువాత అది 'విలీనం', 'మ్యాపింగ్' అయింది. పేరు మారినకొద్దీ ప్రతిఘటన రూపమూ మారింది.

2021లో ఎయిడెడ్ సంస్థలను, అనగా ప్రభుత్వ గ్రాంటుతో ప్రైవేటు యాజమాన్యాలు నడిపే విద్యాసంస్థలను, సిబ్బందితో సహా అప్పగించమని ప్రభుత్వం కోరినప్పుడు, ఫీజులు పెరుగుతాయని, సంస్థలు మూతపడతాయని భయపడిన విద్యార్థులు, తల్లిదండ్రులు విశాఖపట్నంతో సహా పలుచోట్ల రోడ్డెక్కారు. నవంబరు 8న అనంతపురం ఎస్‌ఎస్‌బీఎన్ కళాశాల వద్ద విద్యార్థులపై లాఠీచార్జి జరిగింది. కొద్ది రోజులకే, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలును ప్రభుత్వం యాజమాన్యాలకు కల్పించింది. విద్యార్థుల ఒత్తిడికి ప్రభుత్వం దిగివచ్చిన ఘట్టంగా దీనిని గుర్తించాలి.

విలీనం కథ వేరు. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింది నియమాలు ప్రాథమిక బడి బిడ్డ ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలన్నాయి. కానీ 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించే పని 2021లో 250 మీటర్ల దూరంతో మొదలై, మరుసటి ఏడాదికి కిలోమీటరుకు పెరిగింది. బిడ్డకు హక్కుగా రాసిన కొలతే తరలింపునకు హద్దుగా మారడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన మలుపు.

ఈ తరలింపుపై 2022 జూన్ 10న 117వ నంబరు జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) వెలువడింది. జూలై 5న బడులు తెరిచేసరికి పిల్లలే తమ బడి తమకు కావాలంటూ గేట్ల ముందు కూర్చున్న దృశ్యాలు రాష్ట్రమంతటా కనిపించాయి. ఎస్‌ఎఫ్‌ఐ వంటి విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు వారికి తోడయ్యాయి. కాగితం మీది కిలోమీటరు, గోవాడ చక్కెర మిల్లుకు అప్పట్లో చెరకు బళ్లు, లారీలు సాగిన అనకాపల్లి జిల్లా చోడవరం దారుల్లో ఎనిమిదేళ్ల బిడ్డ నడవవలసిన కిలోమీటరు ఒకటి కావు.

2025 మేలో ఆ జీవోను రద్దు చేసి తొమ్మిది రకాల పాఠశాలల విధానాన్ని తెచ్చారు. అందులోని 'ఆదర్శ ప్రాథమిక పాఠశాల' కోసం 3, 4, 5 తరగతులను మళ్లీ పొరుగు బడికి పంపవలసివచ్చిన గ్రామాల్లో, ఆ జూన్‌లోనే, తల్లిదండ్రులు పిల్లలతో కలిసి మళ్లీ బడి గేటు ముందు నిలిచారు.