కాపిశాయనము: ఒక ద్రాక్షామధువు కథ

ద్రాక్షమద్యాన్ని అది పుట్టిన సీమ పేరుతో పిలవడం, దానికి తగిన ఆహారాన్ని ఎంచి పక్కన పెట్టుకోవడం ఐరోపావారి సంప్రదాయమని మనలో చాలామంది అభిప్రాయం. షాంపేన్, బోర్డో అనేవి ఆయా ప్రాంతాల పేర్లే కదా! కాని ఈ రెండు మర్యాదలకూ మన పాణిని వ్యాకరణంలోనే ఆనవాళ్లున్నాయి. పండిత శిక్షణ పొందిన నావంటివానికి ఇది ముచ్చటైన విషయం.

కాబూలుకు ఉత్తరాన, ఘోర్‌బంద్, పంజ్‌షీర్ నదులు కలిసే చోటికి దగ్గరలో బెగ్రామ్ ఉంది. ప్రాచీనుల కాపిశి నగరం ఇదే. ఈ ఒక్క ఊరికోసం పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రం (4.2.99) చేశాడు. అక్కడ పుట్టినది కాపిశాయనం. కాశికావృత్తికారులు దీనికి చూపిన ఉదాహరణలు రెండు: మధువు, ద్రాక్ష. పాణిని స్వగ్రామమైన శలాతురం నేటి పాకిస్తానులో, సింధునదికి చేరువలో ఉంది. అంటే కాపిశి ఆయనకు పొరుగుసీమే.

కౌటిల్యుని అర్థశాస్త్రంలోనూ ఈ పేరు కనబడుతుంది. శామశాస్త్రిగారు వెలికితీసి 1909లో మైసూరులో అచ్చువేయించిన ఆ గ్రంథంలో సురాధ్యక్షుని ప్రకరణం ఒకటుంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని అందులో పానీయాలు ఆరు. ఇక్కడ మధువంటే తేనె కాదు, ద్రాక్షరసం. అది పుట్టిన దేశాన్నిబట్టే దానికి కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు వచ్చాయంటాడు కౌటిల్యుడు.

ఇక ఆహారం సంగతి. ఉపదంశమంటే పక్కన పెట్టుకొని కొరికేది, అచ్చతెనుగులో నంజుకొనేది. దీనికీ పాణిని సూత్రం (3.4.47) ఉంది. ముల్లంగిని నంజుకొంటూ భుజించడం దానికి వ్యాఖ్యాతలు చూపిన ఉదాహరణ. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో నాగరకుల పానగోష్ఠిని వర్ణిస్తూ ఉప్పనివి, పండ్లు, పచ్చికూరలు, చేదువి, కారంవి, పుల్లనివి ఉపదంశాలుగా పేర్కొన్నాడు. మిఠాయిల ఊసు లేదు. పానంలోని తీపికి ఎదురుగా తక్కిన రుచులను నిలిపారని నా ఊహ. కమ్మని పెరుగన్నంలో ఆవకాయ ముక్క నంజుకొనే తెలుగువారికి ఈ మర్మం వేరే చెప్పాలా?

1937, 1939 సంవత్సరాలలో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు బెగ్రామ్‌లో మూసివేసిన రెండు గదులను తవ్వి తీశారు. దంతపు చెక్కడాలతోపాటు, రోమను సామ్రాజ్యంనుండి వచ్చిన రంగుల బొమ్మల గాజు పానపాత్రలు అందులో దొరికాయి. వేల యేండ్లు మట్టిలో ఉండీ గాజు నిలిచింది. తోటలకు ఆ భాగ్యం లేకపోయింది. కాబూలుకూ బెగ్రామ్‌కూ నడుమ పరచుకొన్న షొమాలీ మైదానంలో, 1999లో తాలిబన్ సేనలు ఇళ్లు తగులబెట్టి, ద్రాక్షతీగలను నరికివేశాయి.

తీగలు మళ్లీ చిగుర్చవచ్చు. మాటల సంగతి అట్లా కాదు. కాపిశాయనమంటే 'మద్యము' అని ఒక్క అర్థం వ్రాయించి ముందుకు సాగిపోతే, ఆ ఊరూ, ఆ తోటలూ, ఆ పంక్తిలో కూర్చున్న మనుష్యులూ విద్యార్థికి ఎన్నటికీ కనబడరు. పాఠం చెప్పేవారు ఒక్క నిమిషం ఆగితే చాలు, రెండువేల యేండ్ల చరిత్ర ఆ మాట వెంట నడిచివస్తుంది.

ఊరి పేరును మోస్తున్న తినుబండారాల, పానీయాల పాతమాటలు మీ ప్రాంతంలో ఉంటే దయచేసి తెలియజేయగలరు. అవి మరుగునపడకముందే వ్రాసిపెట్టుకొందాం.