చరిత్రలో ఈ రోజు: సెప్టెంబర్ 2.. టీవీల్లో ఏటా ఇడుపులపాయ ఎందుకు కనిపిస్తుంది? ఏ తేదీన ఏం జరిగింది?

సెప్టెంబర్ 2 వచ్చిందంటే చాలు.. తెలుగు న్యూస్ ఛానళ్లలో పొద్దున్నే ఇడుపులపాయ లైవ్ మొదలవుతుంది. కడప జిల్లా వేంపల్లె మండలంలోని ఈ ఊళ్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి సమాధి ఉంది. అదే వైఎస్సార్ ఘాట్. జులై 8న జయంతి, సెప్టెంబర్ 2న వర్ధంతి. ఏడాదికి రెండుసార్లు కెమెరాలు ఇక్కడికి రావాల్సిందే.

అయితే ఈ రోజు ఫోన్లలో తిరిగే పాత క్లిప్పుల్లో మూడు రోజుల దృశ్యాలు కలిసిపోతుంటాయి. ఏది ఏ రోజుదో ఒకసారి చూద్దాం.

మూడు తేదీలు.. మూడు ఘటనలు

సెప్టెంబర్ 2, 2009: రచ్చబండ కార్యక్రమం కోసం చిత్తూరు జిల్లాకు వెళ్లేందుకు వైఎస్ ఉదయం 8.38కి బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్‌లో బయల్దేరారు. 9.27 ప్రాంతంలో సంబంధాలు తెగిపోయాయి. ఇక ఆ రోజంతా టీవీల్లో ఒకటే వార్త.. హెలికాప్టర్ ఆచూకీ ఎక్కడ? ప్రమాదం జరిగింది ఆ రోజే కాబట్టి వర్ధంతి 2వ తేదీనే.

సెప్టెంబర్ 3: నల్లమల అడవుల్లోని పావురాలగుట్ట దగ్గర హెలికాప్టర్ శకలాలు కనిపించాయి. మరణవార్త జనానికి తెలిసింది ఈ రోజే. అందుకే చాలామందికి 3వ తేదీ గుర్తుండిపోయింది.

సెప్టెంబర్ 4: ఇడుపులపాయలో అంత్యక్రియలు జరిగాయి.

అంటే, గాలింపు దృశ్యాలకు అంత్యక్రియల దృశ్యాలు అతికించి 'సెప్టెంబర్ 2' అని స్క్రోలింగ్ వేస్తే అది తప్పే.

పోయింది ఒక్కరు కాదు.. అయిదుగురు

వర్ధంతి బులెటిన్లలో ఎక్కువగా వినిపించేది ఒక్క పేరే. కానీ ఆ హెలికాప్టర్‌లో ఉన్న అయిదుగురూ చనిపోయారు. సీఎం ముఖ్య కార్యదర్శి పి.సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఏఎస్‌సీ వెస్లీ, పైలట్లు గ్రూప్ కెప్టెన్ ఎస్‌కే భాటియా, కెప్టెన్ ఎంఎస్ రెడ్డి.. డ్యూటీలో ఉండగానే వెళ్లిపోయారు. ఆ నలుగురికీ వర్ధంతి ఈ రోజే. 'చరిత్రలో ఈ రోజు' అని చెప్పేటప్పుడు నాలుగు పేర్లు చదవడానికి పట్టేది పది సెకన్లే!

ఇడుపులపాయ క్యాలెండర్‌లో ఇంకేమున్నాయి?

* జులై 8, 1949: వైఎస్ జననం.
* 2008: రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద ఇక్కడ ట్రిపుల్ ఐటీ మొదలైంది. నూజివీడు, బాసరల్లోనూ అప్పుడే పెట్టారు. పల్లెటూరి పిల్లలు పదో తరగతి అవ్వగానే చేరే చదువు ఇది.
* అక్టోబర్ 18, 2012: వైఎస్ షర్మిల పాదయాత్ర ఇక్కడి నుంచే మొదలైంది.
* నవంబర్ 6, 2017: వైఎస్ జగన్ ప్రజాసంకల్ప యాత్ర ప్రారంభం. 3,648 కిలోమీటర్లు నడిచి 2019 జనవరి 9న ఇచ్ఛాపురంలో ముగించారు.

షేర్ చేసే ముందు..

ఈ రోజు మీ ఫోన్‌కి కూడా ఏదో ఒక క్లిప్ వస్తుంది. అడవిలో గాలింపు కనిపిస్తే అది 2, 3 తేదీల్లోది. ఇడుపులపాయలో అంత్యక్రియలైతే 4వ తేదీది. ఘాట్ దగ్గర నివాళులైతే ఏ ఏడాదివో అడగండి. తేదీ సరిగ్గా ఉంటేనే అది చరిత్ర.. లేదంటే వట్టి వీడియోనే!