ఇసుకలో దొరికిన ఇనుప గుండు: ఫిరంగిదా, మిల్లుదా?

విశాఖపట్నం: తుపాను వెళ్లిన మర్నాడు తీరంలో ఇసుక కోసుకుపోయిన చోట తుప్పు పట్టిన లోహపు ముక్కలు బయటపడటం సాగరతీర వాసులకు కొత్త కాదు. ఇప్పుడు లోహశోధక యంత్రాలు ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకే దొరుకుతుండటంతో, సముద్రం బయటపెట్టని వాటిని సైతం తవ్వి తీసేవారు కనిపిస్తున్నారు. దొరికిన వస్తువు ఏమిటో తెలుసుకోవాలన్న ఆసక్తి సహజమే. అయితే ఓడరేవు, నౌకాదళం, ఉక్కు పరిశ్రమ ఒకేచోట ఉన్న ఈ నగరంలో ఆ ఆసక్తికి కొన్ని హద్దులు తప్పనిసరి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంపైనా, కాకినాడపైనా బాంబులు కురిపించాయి. అప్పటికి ఓడరేవు ప్రారంభమై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. నాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో నేటికీ ప్రదర్శనలో ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి సమీపంలోనే మునిగిపోయింది. అందులో సముద్రంలో అమర్చే మైన్లు ఉన్నాయి. యుద్ధం ఈ తీరాన్ని రెండుసార్లు తాకిందనడానికి ఇవి సాక్ష్యాలు. కాబట్టి ఇక్కడ దొరికే గుర్తు తెలియని ఇనుప వస్తువు విషయంలో మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘దీని ధర ఎంత?’ అన్నది కాదు, ‘ఇది పేలుతుందా?’ అన్నది.

ఆకుపచ్చ పట్టీ కనిపిస్తే ఆగాలి

మందుగుండు వస్తువులను దూరం నుంచే గుర్తించడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. ఒక కొస మొనదేలి, రెండో కొస చదునుగా ఉన్న గొట్టం వంటి ఆకారం మొదటిది. తోక భాగంలో రేకుల రెక్కలు, లేదా అవి విరిగిపోయిన గుర్తులు రెండోది. మూడోది చాలామందికి తెలియనిది. ఫిరంగి షెల్లు అడుగు భాగంలో చుట్టూ రాగి పట్టీ ఒకటి బిగించి ఉంటుంది. గొట్టంలోని మెలిగీతలను పట్టుకుని షెల్లు గిర్రున తిరుగుతూ వెళ్లడానికి అది ఏర్పాటు. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్నాక ఇనుప దేహం ఎర్రటి తుప్పుగా మారుతుంది, రాగి పట్టీ ఆకుపచ్చగా చిలుము పడుతుంది. ఎర్రటి తుప్పు మీద ఆకుపచ్చ వలయం కనిపించిందంటే అక్కడితో తవ్వకం ఆపవలసిందే.

పాతదైపోయింది కనుక ఇక పేలదనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. టీఎన్‌టీ వంటి పదార్థాలు దశాబ్దాలు గడిచినా శక్తి కోల్పోవు. పూర్వం వాడిన పిక్రిక్ ఆమ్లం లోహంతో కలిసి మరింత సున్నితమైన లవణాలుగా మారగలదు. పైగా ఫ్యూజులోని స్ప్రింగులు, పిన్నులు తుప్పు పట్టి ఏ స్థితిలో నిలిచి ఉన్నాయో బయటకు కనిపించదు. కదపకుండా, నీళ్లలో వేయకుండా, గోనెలో చుట్టి ఠాణాకు మోసుకెళ్లకుండా, చోటు గుర్తు పెట్టి దూరం వెళ్లి 112కు ఫోన్ చేయాలి. బాంబు నిర్వీర్య దళం వచ్చే వరకు పిల్లలను అటు రానివ్వకపోవడం చుట్టుపక్కల వారి బాధ్యత.

తుక్కు వ్యాపారం సాగే ఉక్కునగరానికి ఈ హెచ్చరిక మరీ అవసరం. 2004లో ఢిల్లీకి చేరువలోని ఘజియాబాద్‌లో దిగుమతి తుక్కులో కలిసి వచ్చిన షెల్లు పేలి ఉక్కు కర్మాగార కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో జరిగింది ఇంకా వింతైనది. ఒక విశ్వవిద్యాలయం వేలంలో వదిలించుకున్న పాత యంత్రాన్ని విప్పగా, అందులోని కోబాల్ట్-60 వికిరణం సోకి ఒకరు మరణించారు, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. అది పేలలేదు, కాలలేదు, వాసన కూడా రాలేదు. వెల్డింగు అతుకులను పరీక్షించే రేడియోగ్రఫీ పరికరాల్లోనూ ఇటువంటి మూలకాలు గోరంత గొట్టాల్లో ఉంటాయి. మూడు రెక్కల గుర్తు ఉన్న డబ్బా గానీ, పరిమాణానికి మించి బరువైన సీసపు పెట్టె గానీ దొరికితే విప్పి చూడరాదు.

గుండు ఎవరిది?

ప్రమాదం లేదని నిర్ధారణ అయిన తర్వాతే గుర్తింపు మొదలవుతుంది. ఇనుప గుండు దొరికితే చాలు, ఫిరంగి గుండే అని తేల్చేయడం పరిపాటి. ఆంగ్లేయులు, ఫ్రెంచివారు, భీమునిపట్నంలో డచ్చివారు మసలిన తీరం కనుక ఆ ఊహ పూర్తిగా నిరాధారం కాదు. కానీ ఖనిజాన్ని, సిమెంటు క్లింకరును పిండి చేసే బాల్ మిల్లుల్లోనూ అచ్చం అటువంటి ఉక్కు గుండ్లే వాడతారు. ప్రపంచంలో చాలాచోట్ల ఫిరంగి గుండ్లుగా అపోహపడినవి ఈ మిల్లు గుండ్లే. పరిశ్రమల నగరంలో ఏది ఎక్కువగా దొరుకుతుందో ఊహించడం కష్టమేమీ కాదు.

రెంటినీ వేరు చేయడానికి కొలత ఉపకరిస్తుంది. పాత ఫిరంగి గుండ్లు నిర్ణీత తూకాలకు పోతపోసినవి. ఆరు పౌన్ల బ్రిటిష్ గుండు వ్యాసం సుమారు 8.9 సెంటీమీటర్లు, బరువు సుమారు 2.7 కిలోలు. పన్నెండు పౌన్లదైతే వ్యాసం 11 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఈ వరుసకు చెందని కొలత వస్తే అనుమానించవచ్చు. మిల్లు గుండు సాధారణంగా అరిగి, అక్కడక్కడ పలకలు తేలి ఉంటుంది. ఇక్కడ మరో మెలిక ఉంది. పరిమాణాన్ని బట్టి ఉండవలసిన దానికన్నా బరువు బాగా తక్కువైతే, లేదా పైన చిన్న రంధ్రం ఉంటే, అది లోపల మందు కూరిన బోలు గుండు కావచ్చు. అప్పుడు మళ్లీ 112కే ఫోన్ చేయాలి.

చెంబు, తక్కెడ, అయస్కాంతం

మిగిలిన వస్తువులకు ఇంట్లోని సామగ్రి చాలు. అయస్కాంతానికి అంటితే ఇనుము లేదా ఉక్కు. రాగి, ఇత్తడి, సీసం, అల్యూమినియం, వెండి, బంగారం అంటవు. స్టీలు గిన్నెల రకాల్లో కొన్ని కూడా అంటవు కనుక ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. రంగు మరో ఆధారం. రాగికి ఆకుపచ్చ చిలుము, అల్యూమినియానికి తెల్లని పొడి, సీసానికి బూడిద తెలుపు పొర పడతాయి. ఉప్పునీటిలో వెండి నల్లబడుతుంది. సముద్రంలో నానిన ఇనుము చుట్టూ ఇసుక, గవ్వలు గట్టకట్టుకుని అసలు ఆకారమే కప్పుకుపోతుంది.

ఇక సాంద్రత. చెంబును అంచు వరకు నీళ్లతో నింపి పళ్లెంలో ఉంచి, తూచిన వస్తువును దారంతో మెల్లగా దించి, పొర్లిన నీటిని మందు కొలిచే మూతతో కొలవాలి. బరువు గ్రాముల్లో, నీరు మిల్లీలీటర్లలో తీసుకుని భాగిస్తే సాంద్రత వస్తుంది. ఇనుముకు 7.9, రాగికి 9కి కాస్త తక్కువ, వెండికి 10.5, సీసానికి 11.3, బంగారానికి 19.3. ఉదాహరణకు 450 గ్రాముల ముక్క 40 మిల్లీలీటర్ల నీటిని తోస్తే అది సీసం. అదే వెండి అయితే 43 మిల్లీలీటర్లు. వంటింటి కొలతలో ఆ మూడు మిల్లీలీటర్ల తేడా పట్టుబడటం అనుమానమే. గోటితో నొక్కు పడి, కాగితంపై బూడిద గీత గీసేది సీసమని పట్టుకోవచ్చు. తీరంలో దొరికే సీసం ముక్కల్లో చాలావరకు మత్స్యకారుల వలలకు కట్టిన గుళ్లే. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

యంత్రం మోగినంత మాత్రాన లోహం ఉన్నట్టు కాదన్నది మరో విశేషం. ఈ యంత్రం తన తీగచుట్టతో అయస్కాంత క్షేత్రాన్ని పంపి, నేలలోని లోహంలో పుట్టే విద్యుత్తును పసిగడుతుంది. భీమిలి వైపు తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి బరువైన ఖనిజాలు ఉన్నాయి. వాటికి తోడు ఉప్పునీటి తడి చేరితే చవక రకం యంత్రాలు ఏమీ లేకుండానే కూతపెడతాయి.

చెంబు మీద పిడుగు

గుర్తు తెలియని లోహం చుట్టూ అల్లుకున్న మోసం రైస్ పుల్లింగ్. పిడుగు పడి రాగి చెంబు ఇరిడియంగా మారిందని, అందుకే బియ్యాన్ని లాగుతోందని, విదేశీయులు కోట్లు పోస్తారని నమ్మించి ‘పరీక్ష ఖర్చుల’ పేరిట లక్షలు గుంజుతారు. పిడుగుకు ఒక మూలకాన్ని మరొకటిగా మార్చే శక్తి లేదు. ఇరిడియానికి బియ్యాన్ని ఆకర్షించే గుణమూ లేదు. బియ్యానికి ఇనుప రజను పట్టించి, చెంబులో అయస్కాంతం దాచడమే ఇందులోని మర్మం. చదువుకున్నవారు సైతం ఈ వలలో పడుతుండటం శోచనీయం.

నిధి అయితే కలెక్టరుకు

తొట్లకొండలో 1988 నుంచి 1992 వరకు జరిపిన తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు లభించాయి. ఆ నాణేలకు చరిత్రలో విలువ వచ్చింది అవి ఏ పొరలో, ఏ గది పక్కన, వేటితో కలిసి దొరికాయో నమోదు కావడం వల్లనే. జేబులో వేసుకొచ్చిన నాణెం ఆ సాక్ష్యం చెప్పలేదు. రక్షిత ప్రదేశాల్లో అనుమతి లేని తవ్వకం నేరం. వందేళ్లు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది.

భూమిలో దాగిన, పది రూపాయలకు మించి విలువ గల ఏ వస్తువైనా 1878 నాటి నిధుల చట్టం పరిధిలోకి వస్తుంది. దొరికిన వస్తువు స్వభావం, విలువ, చోటు, తేదీ రాసి జిల్లా కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే వాటా పోవడమే గాక ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. తెలిపినవారికి నష్టం లేదు. అసలు యజమాని లేడని తేలి, స్థల యజమాని హక్కు కోరితే, వేరే ఒప్పందం లేనప్పుడు కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహపు విలువపై అయిదో వంతు అదనంగా చెల్లించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది.