బల్ల తప్పిన చువ్వ

బంతి భోజనంలో ఇక చాలనడానికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. అమెరికాలో ఓ బ్రెజిల్ షురాస్కరియాకి, అంటే మాంసం కాల్చి వడ్డించే హోటలుకి, వెళితే ఆ పని ఓ అట్టబిళ్ల చేస్తుంది. పచ్చవైపు పైకి ఉన్నంతసేపూ మాంసం గుచ్చిన పొడవాటి ఇనుప చువ్వలతో సర్వర్లు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు. ఎర్రవైపు తిప్పితే ఆగుతారు. కబుర్లలో పడి బిళ్ల సంగతి మరిచారో, కంచంలో గుట్ట లేస్తుంది.

మాంసం కాల్చే తీరు మాత్రం చాలా పాతది. బ్రెజిల్ దక్షిణపు కొసన రియో గ్రాండే దో సుల్ గడ్డిమైదానాల్లో పశువుల మందలు కాసే గౌచోలు నేలలో గుంట తీసి, నిప్పులు పోసి, పుల్లలకు గుచ్చిన మాంసాన్ని సెగ తగిలేలా నిలబెట్టేవారు. మసాలా ఊసే లేదు, కల్లుప్పు ఒక్కటే.

1875 నుంచి ఇటలీ రైతులు ఆ రాష్ట్రానికి వలస వచ్చారు. వాళ్ల సంతతి ఊళ్లలో నోవా బ్రేసియా ఒకటి. ఆ ఊరివాళ్లు హైవేల పక్కన మాంసం హోటళ్లు పెట్టుకుంటూ దేశమంతా పాకారు. 1960ల్లో సావో పాలో రాష్ట్రం జకుపిరంగలో ఆ ఊరి అల్బీనో ఒంగరాట్టో నడిపిన హోటల్లోనే ‘రొడీజియో’ పుట్టిందంటారు. రొడీజియో అంటే వంతులవారీగా తిరగడం. జనం కిక్కిరిసిన రోజున సర్వర్లు తడబడి ఒక బల్లవాళ్లు అడిగిన చువ్వ ఇంకో బల్లకు తీసుకెళ్లారట. సరే, అన్ని చువ్వలూ అన్ని బల్లలకూ తిప్పేయండి అన్నాడట యజమాని. కథ బాగుంది. కాకపోతే నోవా బ్రేసియా అబద్ధాల పోటీలకు కూడా పేరుపడ్డ ఊరు. నేను ఆ ‘అట’లను తీసెయ్యను.

1979లో పోర్టో అలెగ్రేలో మొదలైన షురాస్కరియా ఫోగో దే షావ్ 1997లో అమెరికాలో డల్లాస్ పక్కనున్న అడిసన్‌లో శాఖ తెరిచింది. గొడ్డుమాంసం ముట్టనివాళ్లకూ అక్కడ లోటుండదు: కోడి, గొర్రె, దాల్చినచెక్క పొడి అద్ది కాల్చిన అనాస. కర్రపెండలం పిండితో చేసే జున్ను బన్నులు మాత్రం రెండుతో ఆపండి. వాటితో కడుపు నిండితే లాభం హోటలు వాడిదే.

సర్వర్ తడబడ్డా తడబడకపోయినా రొడీజియో పద్ధతి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరేదని నా నమ్మకం. చువ్వకు గుచ్చిన పెద్ద ముక్క ఒక్కసారిగా ఉడకదు, పైపొర ముందు కాలుతుంది. ఒక్క బల్ల కోసం మొత్తం కాలేదాకా ఆగితే అంచులు మాడతాయి. అందుకే కాలిన పొరను పల్చగా కోసి నలుగురికీ వడ్డిస్తారు. లోపలి ఎర్రదనం బయటపడగానే చువ్వ మళ్లీ నిప్పుల మీదికి వెళుతుంది.