మాదకద్రవ్యాల కేసులు: స్థానిక పోలీసులపై పర్యవేక్షణ ఎలా?

పట్టుబడిన గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దృష్టిలో అది వాణిజ్య పరిమాణం. నేరం రుజువైతే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష పడుతుంది. నిందితుడు నిర్దోషి అని నమ్మేందుకు సహేతుకమైన కారణాలు ఉన్నాయని, విడుదలైతే మళ్లీ నేరం చేయడని న్యాయస్థానం భావిస్తే తప్ప బెయిలు లభించదు. అభియోగపత్రం దాఖలు చేయడానికి దర్యాప్తు సంస్థకు 180 రోజుల గడువు ఉంటుంది. ఇంతటి పర్యవసానాలకు చాలా సందర్భాల్లో మూలం ఒక స్థానిక అధికారి జరిపిన తనిఖీ. ఆ అధికారిని ఎవరు గమనిస్తారన్నదే ఇక్కడ కీలక ప్రశ్న.

అధికారం ఎక్కడిది

మాదకద్రవ్యాలు, మానసిక ప్రభావ పదార్థాల చట్టం 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఎన్‌డీపీఎస్ చట్టంగా వ్యవహరించే ఈ శాసనాన్ని పార్లమెంటు చేసింది. రాజ్యాంగం ప్రకారం పోలీసు శాఖ మాత్రం రాష్ట్రాల పరిధిలోనిది. కేంద్ర స్థాయిలో 1986లో ఏర్పడిన మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ, ఎన్‌సీబీ, ఉన్నప్పటికీ ఊళ్లలో, రహదారులపై తనిఖీల భారం ప్రధానంగా రాష్ట్ర పోలీసు, ఎక్సైజ్ సిబ్బందిదే. వారిలో ఎవరికి సోదా అధికారం ఉండాలో రాష్ట్ర ప్రభుత్వమే ఉత్తర్వు ద్వారా నిర్ణయిస్తుంది. కానిస్టేబుల్ స్థాయి వారికి ఆ అధికారం ఇవ్వడానికి చట్టం అనుమతించదు.

రాతపూర్వక నియంత్రణ

సమాచారం అందగానే దానిని అధికారి రాసుకోవాలని 42వ సెక్షన్ నిర్దేశిస్తుంది. సూర్యాస్తమయం తర్వాత వారెంటు లేకుండా ఇంట్లో సోదా చేయవలసివస్తే అందుకు కారణాలు నమోదు చేయాలి. ఆ ప్రతిని 72 గంటల్లో పై అధికారికి పంపాలి. అరెస్టు, స్వాధీనం వివరాలతో 48 గంటల్లో పూర్తి నివేదిక సమర్పించాలని 57వ సెక్షన్ చెబుతుంది.

వ్యక్తి ఒంటిని సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ సమక్షంలో జరపాలని కోరే హక్కు ఉందని ఆ వ్యక్తికి తెలియజేయాలి. ఈ షరతును కచ్చితంగా పాటించాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లో స్పష్టం చేసింది. అయితే చేతిలోని సంచికి, వాహనానికి ఈ రక్షణ వర్తించదు. అధికారుల ఎదుట ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలాన్ని శిక్షకు ఆధారం చేసుకోరాదని తూఫాన్ సింగ్ కేసులో 2020 అక్టోబరులో తీర్పు వెలువడింది.

స్వాధీనమైన సరుకు

పర్యవేక్షణ సడలితే ప్రమాదం ఎక్కువయ్యేది ఇక్కడే. స్టేషన్ గదుల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు మాయమై తిరిగి బజారు చేరవచ్చు. సరుకు జాబితా, ఛాయాచిత్రాలు, నమూనాలను మేజిస్ట్రేట్ ధ్రువీకరించాలని 52ఎ సెక్షన్ చెబుతుంది. నిల్వ, ధ్వంసంపై 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు విస్తృత ఆదేశాలు ఇచ్చింది. పురోగతిని పర్యవేక్షించేందుకు న్యాయమూర్తుల కమిటీలను నియమించాలని హైకోర్టులను కోరింది. 2022 డిసెంబరులో కేంద్రం ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి సమీపంలో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. నిల్వల భారం ఎంతటిదో ఆ పరిమాణమే చెబుతుంది.

52ఎ సెక్షన్ ఉల్లంఘన జరిగినంత మాత్రాన కేసు వీగిపోదని, సాక్ష్యంపై అనుమానం రేకెత్తిందా అన్నది చూడాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు వివరించింది.

సమన్వయ యంత్రాంగం

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల నుంచి బయలుదేరిన గంజాయి అనేక రాష్ట్రాలు దాటి వెళుతుంది. ఒక స్టేషన్ పరిధిలో దర్యాప్తు ముగిసే కేసులు కావు ఇవి. ఇందుకోసం 2016లో ఏర్పడిన ఎన్‌కార్డ్ సమన్వయ వ్యవస్థను 2019లో నాలుగు అంచెలుగా మార్చారు. రాష్ట్ర కమిటీకి ప్రధాన కార్యదర్శి, జిల్లా కమిటీకి కలెక్టర్ నేతృత్వం వహిస్తారు. తెలంగాణ 2023లో ప్రత్యేక బ్యూరోను, ఆంధ్రప్రదేశ్ 2024లో ఈగల్ విభాగాన్ని నెలకొల్పాయి. పౌరులు 1933 నంబరుకు సమాచారం ఇవ్వవచ్చు. అయితే ఇవి సమన్వయానికి, దాడులకు ఉద్దేశించినవి. ఫలానా తనిఖీ చట్టబద్ధమా కాదా అని తేల్చేది న్యాయస్థానమే.

అధికారి తప్పు చేస్తే

నేరస్థులతో కుమ్మక్కైన అధికారికి 59వ సెక్షన్ కింద 10 నుంచి 20 ఏళ్ల శిక్ష పడవచ్చు. కానీ ప్రభుత్వ ముందస్తు అనుమతితో రాతపూర్వక ఫిర్యాదు వస్తే తప్ప న్యాయస్థానం ఆ నేరాన్ని విచారణకు స్వీకరించదు. సహేతుకమైన అనుమానం లేకుండా సోదా చేసినా, వేధింపుగా నిర్బంధించినా 58వ సెక్షన్ కింద శిక్ష 6 నెలలకు మించదు. జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు.

నిర్దోషి ఏళ్ల తరబడి విచారణ ఖైదీగా మిగిలినా, అసలు నేరస్థుడు విధానపరమైన లోపంతో బయటపడినా మూలం చాలాసార్లు ఒక్కటే: తొలి గంటల్లో రాయవలసింది రాయకపోవడం. న్యాయస్థానం ఆ లోపాన్ని గుర్తించేది విచారణలో. అప్పటికి ఏళ్లు గడిచిపోయి ఉండవచ్చు. 72 గంటల్లో తన బల్లమీదికి వచ్చే ప్రతిని పై అధికారి శ్రద్ధగా చదివితే, ఆ లోపం అక్కడే బయటపడే అవకాశం ఉంటుంది.