పుస్తకం ‘పుసకం’ అయిన కథ

శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో వెలసిన ఊరు హనుమకొండ. అదే ఊళ్ళో, అంతటి చరిత్ర లేని మరొక చిన్న గ్రంథాలయానికి 2004లో నేనొక పుస్తకాల జాబితా ప్రోగ్రాము వ్రాసి ఇచ్చాను. విండోస్ ఎక్స్‌పీ, డాట్‌నెట్, తెరమీది మాటలన్నీ తెలుగులోనే ఉండాలన్న పట్టుదల. చూపించిన రోజున అక్కడి పెద్దాయన కళ్ళజోడు సర్దుకొని, “మా దగ్గర పుస్తకాలున్నాయి నాయనా, పుసకాలు లేవే!” అన్నారు. సకారం క్రింద ఉండవలసిన తవత్తు పెట్టె అంచున తెగిపోయింది. పక్కనే “పుట్టిన తేదీ” కాస్తా “పుటిన తేదీ” అయి కూర్చుంది.

మొదట ఖతి దోషమనుకున్నాను. ఆ రోజుల్లో గౌతమిని తిట్టుకోని తెలుగువాడు లేడు కదా! తప్పు కొలతదని తెలియడానికి వారం పట్టింది.

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీతో గాని రాలేదు. అప్పటికే విండోల కొలతలు ఇంగ్లీషు అక్షరాలతో స్థిరపడిపోయాయి. పాత విండోస్ డైలాగు పెట్టెల్లో అడ్డుకొలత సగటు అక్షరం వెడల్పులో నాలుగోవంతు, నిలువుకొలత అక్షరం ఎత్తులో ఎనిమిదోవంతు. ఆలోచన మంచిదే, ఖతి పెరిగితే పెట్టె కూడా పెరుగుతుంది. అయితే ఏ ఖతి? నా ఫారంలో ముందుగా ఉన్నది మైక్రోసాఫ్ట్ శాన్స్ సెరిఫ్. అందులో తెలుగు లేదు. వ్యవస్థ చాటుగా గౌతమి అక్షరాలను అరువు తెచ్చి గీసింది గాని, పెట్టె ఎత్తును శాన్స్ సెరిఫ్ లెక్కకే ఉంచింది. గుడి పైకి, వత్తు క్రిందికి సాగే లిపికి ఆ ఎత్తు ఎలా చాలుతుంది?

ఫారం మొత్తానికి గౌతమినే ఖతిగా పెట్టాను. వత్తులు బయటపడ్డాయి. కానీ గౌతమి వరుసకు వరుసకు మధ్య చాలా ఎడం కోరుతుంది. ఫారం ఎత్తు 500 పిక్సెళ్ళకు చేరింది. చూపు ఆనని పెద్దాయన తన యంత్రంలో పెద్ద అక్షరాలు పెట్టుకున్నారు, అంటే అంగుళానికి 96 చుక్కలకు బదులు 120. ఐదువందలు ఆరువందల పాతికయింది. ఆయన తెర ఎత్తు 600. అట్టడుగున ఉన్న “భద్రపరచు” బొత్తం తెర దాటి పోయింది! వ్రాసినదంతా ఉంది, దాచుకునే దారే లేదు.

బొత్తాన్ని పైకి జరపడం ఒక రోజు పని. కానీ జరుపుతూ పోతే అంతెక్కడ? విజువల్ బేసిక్ (1991) నేర్పిన అలవాటది: మౌసుతో గీసిన చోటే వస్తువు గడ్డకట్టుకుపోతుంది. 1996 నాటి జావాలో స్థానాలను మనం చెప్పనక్కరలేదు, లోపలి మాటను కొలిచి అమరికే నిర్ణయిస్తుంది. డాట్‌నెట్‌కు అటువంటి పట్టిక అమరిక 2005లో, రెండో వెర్షన్‌తో వచ్చింది. దానితో తిరగవ్రాసి 2006లో తీసుకెళ్ళాను. పెద్దాయన నా మాట నమ్మలేదు. “శాస్త్రీయం”, “లక్ష్మి” అని టైపు చేయించి చూశాకే తల ఊపారు.

తరువాతి చరిత్ర మీకు తెలిసిందే. 2007లో విస్టా పాత ప్రోగ్రాములను బొమ్మలా సాగదీసింది. అక్షరాలు తెగలేదు గాని మసకబారాయి. 2013లో విండోస్ 8.1 ఒక్కొక్క తెరకు ఒక్కొక్క స్కేలు తెచ్చి కొత్త చిక్కులు పెట్టింది. ఇప్పటికీ కొత్త విండో తయారవగానే అందులో “పుస్తకం” అని వ్రాసి, స్కేలు 150 శాతానికి పెంచి, తవత్తు ఎక్కడుందా అని వెతుకుతాను.