కోలా వేట

సముద్రమెరుగని కిష్టారము వంటి అడవిసీమలలో ఎగిరెడు చేప కట్టుకథగా తోచును. అది రెక్కలార్చదు, తోకతో నీటిని కొట్టి, విప్పిన రెక్కలపై గాలిలో జారును. తమిళులు దానిని కోలా యందురు.

ఈ చేపకై నాగపట్టణపు జాలరులు ప్రత్యేకముగా ఏడు దుంగల పెద్ద తెప్పను కట్టుకొని, వేసవిలో తీరము కనబడని దూరమునకు పోవుచుండిరి. 1918 నుండి 1924 వరకు మద్రాసు మత్స్యశాఖ డైరెక్టరుగా నున్న జేమ్స్ హోర్నెల్ ఈ వేటను వర్ణించెను. ఇందు వలకంటె ఆకులే ముఖ్యము! కొమ్మల మోపులను నీటిపై తేలవిడుతురు. గ్రుడ్లు పెట్టుటకు ఆధారము వెదకు చేపలు గుంపులుగా వచ్చి వానిలో జొరబడును, చేతివలలతో తోడుకొందురు. గ్రుడ్లకున్న సన్నని పోగులు ఆకులను చుట్టుకొనును. వేట ముగిసిన పిదప ఆ మోపులను ఒడ్డునకు తేక, కడలిలోనే విడుచుట మేలని నా తలంపు. పట్టుబడునది గ్రుడ్లతో నున్న చేపయే గదా!

అమ్ముడుపోక మిగిలిన చేపను తీరమున ఎండబెట్టుట స్త్రీల వంతు.